ఈపీఏబీఎక్స్ ఎక్స్‌టెన్షన్ మీద మోడెం: డయల్ టోన్ పట్టదు, హైదరాబాద్ నుంచి వచ్చే డేటా కాల్ ఎత్తదు

యార్డ్‌కోల్డ్ (ఎనుమాముల, వరంగల్)

అన్నలందరికీ నమస్తే. ఎనుమాముల యార్డు దగ్గరి మిర్చి కోల్డ్ స్టోరేజీ గురించి అడుగుతున్న. 8 గదుల టెంపరేచరు రాసుకునే డేటా లాగర్ మెషీన్ రూంల కంప్రెసర్ ప్యానెల్ పక్కన ఉన్నది. దానికి ఆర్ఎస్-232 (సీరియల్) పోర్టు, పోర్టుకు బయట పెట్టే బాక్సు మోడెం (ఫోను లైను మీద డేటా పంపేది), 33.6కేది. రెండు పనులు కావాలె. ఏ గదైనా లిమిటు దాటితే లాగర్ తనంతట తనే హైదరాబాద్ సర్వీసు ఆఫీసు మోడెంకు కాల్ కొట్టాలె. రోజూ రాత్రి 11 గంటలకు ఆ ఆఫీసు వాళ్లు ఇక్కడికి కాల్ చేసి ఆనాటి రీడింగులు దింపుకోవాలె.

ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను బయటి లైన్లకు కలిపే పెట్టె) చిన్నదే: 3 బయటి లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లు, హైబ్రిడ్, అంటే మామూలు ఫోన్లూ డిజిటల్ కీఫోన్లూ రెండూ పట్టేది. 0 నొక్కితే బయటి లైను. బయటి నుంచి ఎవరన్నా చేస్తే ముందు రికార్డు చేసిన గొంతు వస్తది, ఏ నంబరూ నొక్కకపోతే రిసెప్షన్‌కు పోతది. మోడెంకు 108 నంబరు ఎక్స్‌టెన్షన్ ఇచ్చినం. ఆఫీసు నుంచి మెషీన్ రూంకు 150 మీటర్లు. పాత కీఫోను (బటన్ల ఆఫీసు ఫోను) వైరు, 4 తీగలది, అట్లనే వాడుతున్నం.

ఇప్పటి పరిస్థితి: మోడెం నుంచి డయల్ చేస్తే "నో డయల్ టోన్" అంటది. అదే పిన్నుకు మామూలు ఫోను పెడితే టోను మంచిగనే వినిపిస్తది. హైదరాబాద్ నుంచి చేస్తే వాళ్ల మోడెంకు రికార్డు గొంతు వినపడి, కాసేపటికి "నో క్యారియర్" (అవతలి మోడెం సంకేతం దొరకలేదని) వస్తది. రిసెప్షన్ నుంచి చేతితోని 108 కొట్టినా లాభం లేదు. రింగు పోతది, మోడెం మీద లైటు మెరుస్తది, కానీ ఎత్తది. ఎస్0=1 (మొదటి రింగుకే ఎత్తమని) పెట్టే ఉన్నది.

ఒక లైను పూర్తిగా మోడెంకే ఇచ్చేస్తే తిప్పలు ఉండవని తెలుసు. 3 లైన్లల్ల ఒకటి వదులుకునేటందుకు ఓనర్ సార్ ఒప్పుకుంటలేడు. ఎక్స్‌టెన్షన్ మీదనే నడిచే దారి చెప్పున్రి.


రోజెట్‌బాక్స్ (హన్మకొండ)

తమ్మీ, మామూలు ఫోనుకు టోను వచ్చిందంటే ఆ పోర్టు అనలాగ్‌దే. అది మంచి సంగతి. డిజిటల్ కీఫోను పోర్టుకు మోడెం గుచ్చితే టోను రాకపోవుడు ఒక్కటే కాదు, మోడెం లైను వైపు భాగం కాలిపోవచ్చు. ఆ పోర్టు కీఫోనుకు పవరు అందించేటందుకు కట్టినది, అనలాగ్ పోర్టు లెక్క 20, 25 మిల్లీయాంపియర్ల దగ్గర కరెంటును ఆపదు. మల్టీమీటరుతోని వోల్టేజీ చూసి గుర్తుపడదామంటే రెండింటిలనూ 24 నుంచి 48 వోల్టుల నడుమనే కనిపించొచ్చు. మీరు చేసినట్టు మామూలు ఫోను పెట్టి వినుడే సరైన పరీక్ష.

మొదలు ఆ 4 తీగల వైరు సంగతి చూడున్రి. హైబ్రిడ్ పెట్టెలల్ల నడిమి జత మాట కోసం, బయటి జత కీఫోను డేటా కోసం. మోడెంకు నడిమి జత ఒక్కటే కావాలె. ఆర్‌జే-11 పాత రంగులల్ల అది ఎర్ర, పచ్చ తీగలు. నల్ల, పసుపు తీగలను రెండు కొసలల్ల విప్పి టేపు చుట్టున్రి. ఇది శుభ్రత కోసం చెప్తలేను. కొన్ని మోడెములల్ల బయటి రెండు పిన్నులకు లోపల చిన్న రిలే ఉంటది, మోడెం లైను ఎత్తంగనే ఆ రెండింటిని కలిపేస్తది. పాతకాలపు కీ సిస్టంలల్ల లైను దీపం వెలిగించేటందుకు పెట్టిన ఏర్పాటు అది. మీ దగ్గర అదే రిలే కీఫోను డేటా తీగలను షార్టు చేస్తది.

ఇగ "నో డయల్ టోన్". మోడెం ఎక్స్4 సెట్టింగు మీద ఉంటే టోను గుర్తుపట్టినాకనే డయల్ చేస్తది. అమెరికా సెట్టింగుల అది 350, 440 హెర్ట్జులు కలిసిన టోను కోసం చూస్తది. మన దేశంల ఎక్స్‌ఛేంజి టోను 400 హెర్ట్జు, దాని మీద 25 హెర్ట్జు కదలిక. ఈపీఏబీఎక్స్ లోపలి టోను ఇంకో తీరు, కొన్నింటిల తెగి తెగి వస్తది కూడా. మన చెవికి టోనే, మోడెంకు కాదు. కాబట్టి ఎక్స్3 పెట్టున్రి. టోను కోసం ఆగకుండా డయల్ చేస్తది, బిజీ టోను మాత్రం చూస్తది. కొత్త మోడెమైతే దేశం కోడు కూడా మార్చున్రి: ఏటీ+జీసీఐ=53, అది ఇండియా కోడు. మార్చినా లోపలి టోనుకు పనికొస్తదని నమ్మకం లేదు, ఎక్స్3 ఉంచుడే మంచిది.

కమాండ్లను ఇక్కడ తెలుగుల రాస్తున్న, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టున్రి. డయల్ వరుస ఇట్ల ఉండాలె:

ఏటీఎక్స్3డీటీ0,,040 ఆ తర్వాత 8 అంకెల నంబరు

మొదటి 0 బయటి లైను కోసం, రెండో 0 ఎస్టీడీది. చానామంది ఒక 0 మింగుతరు, అప్పుడు 40తోని మొదలయ్యే అంకెలు లోకల్ నంబరు లెక్క పోయి రాంగ్ నంబరు తగులుతది. కామా ఒక్కటికి 2 సెకన్ల ఆగుడు, అది ఎస్8 రిజిస్టరుల మారుతది. కామాకు బదులు డబ్ల్యూ పెడితే రెండో టోను కోసం ఆగుతది. ఆ టోనునూ గుర్తుపట్టకపోతే మళ్లీ అదే కథ, అందుకే కామాలే. అంకెలు మింగితే ఎస్11 ను 95 నుంచి 120కి పెంచున్రి, ఒక్కో అంకె టోను పొడుగైతది. పరీక్షించేటప్పుడు ఎం1ఎల్2 పెట్టి స్పీకరుల వినున్రి. 0 కొట్టినాక టోను మారుడు చెవికి తెలుస్తది.

లైను కొలతలు ఇట్ల తీయున్రి. మోడెం ఎత్తకముందు రెండు తీగల నడుమ డీసీ వోల్టులు రాసుకోండి. తర్వాత ఏటీహెచ్1 కొట్టున్రి, మోడెం లైను ఎత్తుతది, వోల్టులు 6 నుంచి 12 దాకా పడాలె. మీటరును ఒక తీగతోని వరుసల పెట్టి చూస్తే 20 మిల్లీయాంపియర్లకు అటూఇటూ రావాలె. 15 కన్న దిగితే కొన్ని మోడెములు లైను పట్టుకోలేవు. మీ 150 మీటర్ల గురించి భయం లేదు. 0.5 మిల్లీమీటరు రాగి జతకు కిలోమీటరుకు రానూపోనూ దాదాపు 175 ఓములు, మీకు 26 పడతది. దూరం కన్న దారి ముఖ్యం. కంప్రెసర్ మోటరు కేబులు పోయే ట్రేల ఫోను జత వేయొద్దు. కనీసం ఒక అడుగు ఎడం, దాటవలసి వస్తే అడ్డంగ దాటియ్యున్రి, మెలిక జతే వాడున్రి. మోడెంను లాగర్ పక్కన ఉంచి ఫోను జతను పొడుగు లాగిన్రు, అది సరైన పని. తిరగేసి ఆర్ఎస్-232 వైరును 150 మీటర్లు లాగితే తట్టుకోదు, అది 15 మీటర్ల దాకనే పనిచేసే కేబులు.


ట్రంక్‌గ్రూప్ (కరీంనగర్)

బయటి నుంచి వచ్చే కాల్ గురించి రాస్తాను. మీ ఓనర్ గారి అభ్యంతరానికి కూడా ఇందులో జవాబు ఉంది.

ఈపీఏబీఎక్సుల్లో ప్రతి ట్రంకుకు (బయటి లైనుకు) పగలు ఎక్కడికి పోవాలి, రాత్రి ఎక్కడికి పోవాలి అని రెండు వేర్వేరు పట్టికలు ఉంటాయి. మూడో లైనును పగలు ఇప్పటిలాగే రికార్డు గొంతుకు వదలండి. రాత్రి పట్టికలో మాత్రం ఆ లైను నేరుగా 108కి దిగేట్టు పెట్టండి. నైట్ మోడు రాత్రి 9కి దానంతట అదే మారి, పొద్దున 7కి తిరిగి వచ్చేలా గడియారం పెట్టండి. హైదరాబాద్ వాళ్లు 11కి చేస్తే గొంతూ లేదు, అంకెలూ లేవు, నేరుగా 108 మోగుతుంది. పగలు 3 లైన్లూ ఆఫీసువే. పెట్టెలో గడియారం సరిగ్గా ఉందో లేదో నెలకోసారి చూడాలి. కరెంటు పోయి బ్యాకప్ బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది, నైట్ మోడు తప్పుడు వేళకు మారుతుంది. రాత్రి మూడో లైను నంబరుకు ఎవరైనా మాట్లాడదామని చేస్తే మోడెం అరుపు వినిపిస్తుంది, కాబట్టి ఆ నంబరును బిల్లు బుక్కుల మీద వేయించకండి.

మూడో లైనును రాత్రివేళ 0 గ్రూపు (0 నొక్కితే దొరికే లైన్లు) నుంచి తీసేయండి. లేకపోతే వాచ్‌మన్ 0 నొక్కినప్పుడు ఖాళీగా ఉన్న మూడో లైను దొరుకుతుంది, 11కి హైదరాబాద్‌కు బిజీ వస్తుంది.

నైట్ మోడు కుదరని పెట్టెలో రికార్డు గొంతు మీదనే నడపాలంటే అవతలి మోడెం డయల్ వరుస చివర కామాలు పెట్టి 108 కొట్టాలి: 0870 నంబరు, దాని తర్వాత ఆరు కామాలు, 108. ఆరు కామాలంటే 12 సెకన్లు. అంతలో కాల్ కలవాలి, రింగు పోవాలి, గొంతు మొదలవ్వాలి. కామాల లెక్క అంకెలు కొట్టడం అయిపోయిన క్షణం నుంచి మొదలవుతుంది, కాల్ ఎత్తిన క్షణం నుంచి కాదు. ఎక్స్‌ఛేంజి 3 సెకన్లు ఆలస్యం చేసిన రోజు 108 గాలిలో పోతుంది. అందుకే ఇది రెండో దారి. అవతలి మోడెంలో ఎస్7ను 90కి పెంచమనండి. అది క్యారియర్ కోసం చూసే గడువు. మామూలుగా 50 లేదా 60 సెకన్లు ఉంటుంది, 108 మోగి మోడెములు పలకరించుకునే లోపు అయిపోవచ్చు. ఇంకో సంగతి: గొంతు ఎత్తిన క్షణం నుంచి బిల్లు మొదలవుతుంది, మోడెం ఎత్తకపోయినా.

పెట్టెలో "ఫ్యాక్స్ గుర్తింపు" ఉంటే దాంతో పని అవుతుందనుకోకండి. ఫ్యాక్సు మెషీను కాల్ చేసేటప్పుడు 1100 హెర్ట్జు బీపు, అర సెకను మోగి 3 సెకన్లు ఆగుతుంది. ఆ సదుపాయం దాన్నే చూస్తుంది. డేటా మోడెం పంపే కాలింగ్ టోను 1300 హెర్ట్జు, కొన్ని మోడెములు అది కూడా పంపవు. ఫ్యాక్సు కోసం కట్టిన దాంట్లో మోడెం కాల్ చిక్కదు.

108కి ఇవన్నీ తీసేయండి: కాల్ వెయిటింగు, జోక్యం చేసుకుని మాట్లాడే అనుమతి, కాల్ పికప్ గ్రూపు, కాల్ ఫార్వర్డు, రింగులు ఎత్తకపోతే రిసెప్షన్‌కు మళ్లించడం, హోల్డు సంగీతం. చాలా పెట్టెల్లో వీటిలో సగం ఒకే అంశం కింద దొరుకుతాయి, పేరు "డేటా లైన్ సెక్యూరిటీ" లేదా ఇలాంటిదే. ఎక్స్‌టెన్షన్ల జాబితాలో కాకుండా ఒక్కో ఎక్స్‌టెన్షన్ లక్షణాల కింద వెతకండి.

పగలు అలారం కాల్ బయటికి పోయేటప్పుడు 3 లైన్లూ నిండి ఉంటే 0 కొట్టాక ఎంగేజ్ టోను వస్తుంది. లాగర్‌లో మళ్లీ ప్రయత్నించే సంఖ్య 10, మధ్య విరామం 2 నిమిషాలు పెట్టండి. విరామం 3 సెకన్ల కన్నా తక్కువ ఎప్పుడూ ఉండకూడదు. మోడెం లైను వదిలి వెంటనే ఎత్తితే ఆ చిన్న తెగింపును ఈపీఏబీఎక్స్ ఫ్లాషు అనుకుంటుంది, పాత కాల్‌ను హోల్డులో పెట్టేస్తుంది. ఫ్లాషు లెక్క సాధారణంగా సెకనులో పదో వంతు నుంచి ఒక సెకను దాకా. అప్పుడు లైను వదలదు, బయటికి కొత్త కాల్ పోదు, ఎవరూ చూడని చోట ఒక ట్రంకు పట్టుబడి ఉంటుంది.


సీరియల్9 (మంచిర్యాల)

రింగు లైటు మెరుస్తున్నది, ఎస్0=1 ఉన్నది, అయినా ఎత్తుతలేదంటే లైను మీద అనుమానం వద్దు. లాగర్ కేబులు చూడున్రి. లాగర్ నుంచి 3 తీగలే వస్తున్నయా? పిన్ను 2, 3, 5. అట్లయితే డీటీఆర్ తీగ (లాగర్ సిద్ధంగ ఉన్నదని మోడెంకు చెప్పేది) లేదు. మోడెం &డీ2 మీద ఉంటే డీటీఆర్ రాకపోతే ఆటో ఆన్సర్ పనిచేయదు, అది దాని పద్ధతి. ఏటీ&డీ0 కొట్టున్రి, డీటీఆర్‌ను పట్టించుకోదు. కంప్యూటర్‌తోని పరీక్షిస్తే మంచిగ ఎత్తి, లాగర్‌కు పెట్టంగనే మూగబోయేది అందుకే. కంప్యూటర్ డీటీఆర్ ఇస్తది, లాగర్ ఇయ్యది.

ఒకవేళ లాగర్‌కు 9 పిన్నులూ నిండుగ ఉండి డీటీఆర్ వస్తుంటే &డీ2నే ఉంచున్రి. కాల్ అయినాక లాగర్ డీటీఆర్ దించితే మోడెం లైను వదులుతది, అది మంచి కాపలా.

ఎత్తుడు మొదలైనాక ఇంకో రోగం బయటపడతది. రింగు వచ్చినప్పుడు మోడెం "రింగ్" అని, కలిసినాక "కనెక్ట్ 9600" అని అక్షరాలు లాగర్‌కు పంపుతది. లాగర్ వాటిని తన కమాండ్లనుకొని ఎర్రర్ అని బదులిస్తది. ఆ బదులు అవతలికి పోయి అక్కడి సాఫ్ట్‌వేరును గందరగోళం చేస్తది. దీనికి ఇ0, క్యూ1 పెట్టాలె: ఇ0 ఎకో ఆపుతది, క్యూ1 ఆ కబుర్లు ఆపుతది. అయితే మీకు లాగర్ బయటికి కూడా డయల్ చేయాలె. కొన్ని లాగర్లు డయల్ చేసినప్పుడు "కనెక్ట్" కోసం చూస్తయి, క్యూ1 ఉంటే అది రాదు. మీ లాగర్ అట్లాంటిదైతే లాగర్ తన డయల్ వరుసకు ముందు ఏటీక్యూ0 పంపేట్టు, కాల్ అయినాక ఏటీజెడ్ పంపేట్టు రాయున్రి. ఏటీజెడ్ కొడితే సేవ్ చేసినవే తిరిగి వస్తయి.

హార్డ్‌వేరు ఫ్లో కంట్రోలు (డేటాను ఆపి వదిలే తీగలు) 3 తీగల మీద ఉండదు కాబట్టి &కే0. ఇక్కడ జాగ్రత్త, కొన్ని మోడెములల్ల &కే అంటే ఫ్లో కంట్రోలు, ఇంకో కుటుంబంల &కే అంటే కంప్రెషన్. మీ మోడెం పుస్తకం చూసి ఏది ఏదో తేల్చుకోండి.

సేవ్ చేసేటప్పుడు టెర్మినలును లాగర్ వేగంల, అంటే 9600, 8ఎన్1 (8 బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్) ల పెట్టి &డబ్ల్యూ కొట్టున్రి. మోడెం ఆఖరి ఏటీ కమాండు వచ్చిన వేగాన్ని గుర్తుంచుకుంటది. 115200 మీద కూసుండి సేవ్ చేస్తే, కరెంటు పోయొచ్చినాక లాగర్‌తోని 115200 ల మాట్లాడుతది, లాగర్‌కు చెత్త అక్షరాలు.

మొత్తం వరుస ఇట్ల:

ఏటీ&ఎఫ్
ఏటీఎక్స్3ఇ0ఎస్0=1ఎస్10=30
ఏటీ&డీ0&కే0క్యూ1&డబ్ల్యూ

ఎస్10 సెకనులో పదో వంతుల లెక్క. మామూలుగా 14, అంటే 1.4 సెకన్లు క్యారియర్ పోతే లైను వదులుతది. 30 పెడితే చిన్న గడబిడను ఓర్చుకుంటది. 100, 200 దాకా పోకున్రి, అవతల పెట్టేసినా ఇవతల లైను పట్టుకొని ఉంటది.

లాగర్ మోడ్‌బస్ ఆర్‌టీయూ మాట్లాడుతుంటే ఇంకో సంగతి ఉన్నది. ఆ ప్రోటోకాల్ల ఒక ఫ్రేము ఎక్కడ ఆగిందో నిశ్శబ్దాన్ని బట్టి తెలుస్తది, 3 అక్షరాలన్నర కాలం. మోడెం వి.42 తప్పుల దిద్దుబాటు అక్షరాలను మూటలు కట్టి పంపుతది, ఫ్రేము నడుమ ఖాళీలు పడతయి. కనెక్ట్ అయితది, లైట్లు మెరుస్తయి, రీడింగు ఒక్కటి రాదు. దిద్దుబాటును \ఎన్0, కంప్రెషన్‌ను %సీ0 తోని ఆపున్రి. లేకుంటే అవతలి సాఫ్ట్‌వేరుల గడువు 3, 4 సెకన్లకు పెంచున్రి. మోడ్‌బస్ ఆస్కీ ఉంటే ఇంకా నిమ్మళం, దాంట్ల ఫ్రేము మొదలు చివరకు గుర్తులు ఉంటయి.


యార్డ్‌కోల్డ్ (ఎనుమాముల, వరంగల్)

సీరియల్9 అన్నా, 3 తీగలే. &డీ0 కొట్టంగనే ఎత్తింది. ఎక్స్3 తోని డయల్ కూడా పోతున్నది. ఎత్తకముందు 27 వోల్టులు, ఎత్తినాక 7.5, కరెంటు 22 మిల్లీయాంపియర్లు. మూడో లైను రాత్రి 108కి దిగుతున్నది, మూడు రాత్రులు వరుసగ రీడింగులు దిగినయి. లాగర్ మోడ్‌బస్ కాదు, మామూలు టెక్స్టు.

రెండు అడుగుతున్న. పగలు అలారం పరీక్షకు చేసిన కాల్స్ 28800 దగ్గర కలిసి, ఒకసారి 20 సెకన్లకు, ఒకసారి 2 నిమిషాలకు తెగినయి. రాత్రి అట్ల లేదు. ఇంకోటి, రెండో లైనును ఫైబరుకు మారుస్తమని కబురు వచ్చింది. రేపు మూడోదీ మారితే మోడెం నడుస్తదా?


రోజెట్‌బాక్స్ (హన్మకొండ)

తెగిన టైములు రాసుకొని చెప్పిన్రు, దాంతోనే సగం తెలిసింది. ప్రతిసారీ ఒకే టైముకు, సరిగ్గ 3 నిమిషాలకో 5 నిమిషాలకో తెగితే ఈపీఏబీఎక్సుల కాల్ నిడివి లిమిటు ఉన్నట్టు. మీకు ఎటంటే అటు తెగుతున్నది, పగలే తెగుతున్నది. అంటే మనుషులు ఉన్నప్పుడు. 108 జత మీద ఎక్కడన్నా పారలల్ ఫోను (అదే జతకు తగిలించిన ఇంకో ఫోను) ఉన్నదా? పాత కీఫోను వైరే వాడుతున్నమన్నరు. నడుమ వేబ్రిడ్జి రూంల, గేటు దగ్గర రోజెట్ బాక్సులు (ఫోను తగిలించే గోడ పెట్టెలు) ఉంటే ఒక్కొక్కటి తెరువున్రి. ఎవరన్నా రిసీవరు ఎత్తితే లైను మీద వోల్టేజీ పడి, రూంల చప్పుడు క్యారియర్ మీద పడి మోడెములు మళ్లీ మొదటి నుంచి పలకరింపు మొదలుపెడతయి, రెండు మూడుసార్లకు వదిలేస్తయి. మీటరు పెట్టే అవసరం లేదు. మోడెం కాల్ నడుస్తుండంగ రూం రూంకు పోయి ఫోను ఎత్తి వినున్రి, ఎక్కడ హిస్సుమని వినపడితే అదే.

పారలల్ ఏమీ లేకుంటే కాల్ వెయిటింగు బీపే. ట్రంక్‌గ్రూప్ అన్న చెప్పినవన్నీ 108కి తీసేసిన్రా? ఎక్స్‌ఛేంజి వైపు కాల్ వెయిటింగు వేరు, ఈపీఏబీఎక్సు వైపు వేరు. రెండు దిక్కులా ఆపాలె.

ఇంకో మాట మనసుల పెట్టుకోండి. మీకు 28800 ఎందుకు? 8 గదులు, 15 నిమిషాలకోసారి రీడింగు అనుకున్నా రోజుకు 768 రీడింగులు. ఒక్కోటి 20 అక్షరాలు, మొత్తం 15,360. 2400 వేగంల సెకనుకు 240 అక్షరాలు పోతయి, 64 సెకన్ల పని. 9600ల 16 సెకన్లు. 28800 కోసం మోడెములు పలకరించుకునేటందుకే 10, 15 సెకన్లు తింటయి. వేగం తగ్గిస్తే చప్పుడునూ లైను నష్టాన్నీ చానా ఎక్కువ ఓర్చుకుంటది. ఏటీ+ఎంఎస్=వి32బి,0,4800,9600 పెట్టి చూడున్రి, అప్పటికీ తెగితే వి22బి,0. పాత మోడెముల +ఎంఎస్‌కు అక్షరాల బదులు అంకెలు, లేదా ఎస్37. అలారం కాల్ పోవుడు ముఖ్యం. గదులను చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు ఆగిన రాత్రి 28800 వేగం అక్కరకు రాదు, కాల్ తెగకుండ పోవాలె.


ఎర్త్‌పిట్ (కాజీపేట)

ఫైబరు సంగతి. అక్కడ ఫోను పోర్టు ఓఎన్‌టీ (ఫైబరు చివర మీ దగ్గర పెట్టే పెట్టె) మీద ఉంటుంది, గొంతు ప్యాకెట్లై పోతుంది. మోడెంకు కావలసింది తెగని, కాలం కదలని ధార. ప్యాకెట్ ఒక్కటి పోయినా 20 మిల్లీసెకన్ల ఖాళీ. మాట్లాడే మనిషికి తెలియదు, మోడెంకు తెలుస్తుంది. కోడెక్ (గొంతును అంకెలుగా మార్చే పద్ధతి) జీ.711 ఏ-లా ఉండాలి, జీ.729 మీద మోడెం ఎప్పటికీ నడవదు. నిశ్శబ్దాన్ని తొక్కిపెట్టే సదుపాయం ఆపాలి, జిట్టర్ బఫరు (ప్యాకెట్ల ఆలస్యాన్ని సర్దేది) స్థిరంగా ఉండాలి. టి.38 ఫ్యాక్సు కోసమే, డేటా మోడెంకు దాంతో సంబంధం లేదు. ఇవి ఓఎన్‌టీ లోపల ఉంటాయి, మీ చేతిలో ఉండవు, లైను ఇచ్చేవాళ్లను అడిగి పెట్టించాలి. పెట్టినా 28800 ఆశ వద్దు, పైన అన్న చెప్పిన వి22బి 2400 అయితే సాధారణంగా నిలబడుతుంది. ఇప్పుడే 2400కి దించి అలవాటు చేయండి, లైను మారిన రోజు కొత్తగా ఏమీ చేయాల్సి ఉండదు. కరెంటు పోతే ఓఎన్‌టీ కూడా పోతుంది, రాగి లైను లాగా ఎక్స్‌ఛేంజి నుంచి పవరు రాదు. ఓఎన్‌టీ, ఈపీఏబీఎక్స్, మోడెం మూడింటినీ యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయినప్పుడే కదా మీ అలారం పోవాల్సింది.

మూడు లైన్లలో ఒక్కటైనా రాగిది మిగిలి ఉన్నంత కాలం మోడెంను దాని మీదనే ఉంచండి. మూడూ ఫైబరైతే 4జీ సీరియల్ గేట్‌వే (సీరియల్ పోర్టు డేటాను మొబైల్ నెట్‌వర్క్ మీద పంపే పెట్టె) చూడండి. దాని యాంటెనా మెషీన్ రూం గోడ బయట ఉండాలి, కోల్డ్ రూం ప్యానెల్ రేకు లోపల సిగ్నలు అందదు.

ఎవరూ అడగలేదు గానీ చెప్పాల్సిందే, మే నెల రాక ముందే. 150 మీటర్ల జత రెండు భవనాల నడుమ పోతున్నది, పిడుగు పడితే ముందు పోయేది మోడెం, తర్వాత ఈపీఏబీఎక్స్ పోర్టు. రెండు కొసల్లో మూడు కాళ్ల గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబు (వోల్టేజీ హద్దు దాటితే లైనును ఎర్తుకు కలిపేది) పెట్టండి, 230 వోల్టులది. 90ది వద్దు. రింగు 75 వోల్టులంటే శిఖరం 106, దాని కింద 48 డీసీ, కలిపితే 154. 90ది ప్రతి రింగుకూ వెలిగి లైనును నేలకు కొడుతుంది, మోడెం ఎత్తకముందే కాల్ పోతుంది.

ఒక్కో కొసలో ట్యూబు నడిమి కాలును ఆ భవనం కరెంటు ఎర్తుకే కలపండి, ఫోనుకని వేరే గుంత తవ్వకండి. రెండు వేర్వేరు ఎర్తులుంటే పిడుగు వేళ వాటి నడుమ వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా మోడెం ఒంటి మీదుగా పోతుంది: అడాప్టరు ఒక ఎర్తు వైపు, ఫోను జత ఇంకో ఎర్తు వైపు. ఎర్తు గుంతలో ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు పోయించండి, మన ఎర్రమట్టి నేల ఎండితే ఎర్తు పేరుకే ఉంటుంది.


యార్డ్‌కోల్డ్ (ఎనుమాముల, వరంగల్)

వేబ్రిడ్జి రూంల రోజెట్ దొరికింది, దానికి పాత ఫోను ఒకటి తగిలించి ఉన్నది. లారీ తూకమైనప్పుడల్లా వాళ్లు అదే ఎత్తుతున్నరు. జత కోసేసి 108ని నేరుగా మెషీన్ రూంకు కలిపిన, తూకం వాళ్లకు 106 వేరే ఇచ్చిన. 9600ల పెట్టినాక పగలు 14 కాల్స్ చేస్తే 14 నిలబడ్డయి. ట్యూబులు 230వి ఆర్డరు పెట్టిన, క్రోన్ మాడ్యూలు (ఫోను తీగలు బిగించే పట్టీ) మీద కూసునే తీరువి. ఒక్కటి మిగిలింది: నైట్ మోడు నడుస్తున్నప్పుడు లాగర్ అలారం కోసం మూడో లైనునే తీసుకుంటే, సరిగ్గ 11కి హైదరాబాద్ వాళ్లకు బిజీ వస్తదా?


ట్రంక్‌గ్రూప్ (కరీంనగర్)

వస్తుంది. మూడో లైనును 0 గ్రూపు నుంచి తీయకపోయినా, 108 కొట్టే 0కి లైన్ల వరుస 1, 2, 3 అని ఉంటే రాత్రి ఖాళీ కాబట్టి ఒకటో లైను దొరుకుతుంది, మూడోది తగలదు. కానీ లైను ఖాళీ ఉన్నా మోడెం ఒక్కటే కదా, అది అలారం మాట్లాడుతున్నంతసేపు 108 బిజీనే. హైదరాబాద్ వాళ్ల సాఫ్ట్‌వేరులో 11కి దొరక్కపోతే 11:10కి, 11:20కి మళ్లీ చేసేట్టు పెట్టించండి. ఒకటో లైను ముందు వచ్చేలా వరుస మార్చడం మర్చిపోకండి, చాలా పెట్టెల్లో ఫ్యాక్టరీ వరుస చివరి లైను నుంచి మొదలవుతుంది.